రెండు టికెట్ల నడుమ

పాఠ్యభాగ పరిచయం

ఇరవయ్యో శతాబ్ది చివరి వరకు మన దేశంలో విమానయానం సంపన్నులకే పరిమితమై ఉండేది. చౌకధరల విమాన సంస్థల రాకతో ఆ పరిస్థితి మారింది. రైతు బిడ్డలు, చిరుద్యోగుల పిల్లలు చదువుల కోసం, కొలువుల కోసం ఖండాంతరాలకు వెళుతున్నారు. ఒకే సంస్థ వద్ద ఒకే టికెట్ కొనడానికి బదులు, వేర్వేరు సంస్థల టికెట్లను విడివిడిగా కొని, వాటిని తామే ముడివేసుకుని ప్రయాణించే అలవాటు కూడా పెరిగింది. ఆ ముడి ఎలాంటిది? అది తెగితే నష్టం ఎవరిది? ఈ పాఠంలో చర్చకు వచ్చే విషయం ఇదే.

పాఠం

కృష్ణా జిల్లాలో గుడివాడకు దగ్గరలో ఉన్న ఒక పల్లెటూరి విద్యార్థి జర్మనీలో ఉన్నత విద్య అభ్యసిస్తున్నాడు. మా కళాశాలలో ఇంటర్మీడియట్ చదివినవాడే. కొన్నేళ్ల క్రితం సంక్రాంతికి ఇంటికి వచ్చి, పండుగ ముగియగానే తిరుగు ప్రయాణమయ్యాడు. తల్లి అరిసెలు కట్టింది. ఆవకాయ జాడీని నాలుగు పొరల గుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టింది. తండ్రి విద్యారుణం వాయిదా చెల్లించగా మిగిలిన కొద్ది డబ్బును చేతిలో పెట్టాడు.

అతని వద్ద రెండు టికెట్లు ఉన్నాయి. గన్నవరం విమానాశ్రయం నుంచి ఢిల్లీకి ఒక చౌకధరల సంస్థ టికెట్ ఒకటి. ఢిల్లీ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కు వేరొక పెద్ద సంస్థ టికెట్ మరొకటి. మొదటి విమానం ఉదయం 9.45కు ఢిల్లీ చేరుతుంది. రెండోది మధ్యాహ్నం 1.30కు బయలుదేరుతుంది. నడుమ మూడు గంటల నలభై అయిదు నిమిషాలు. "అంత వ్యవధి ఉంటే భయమెందుకు నాన్నా!" అని తండ్రికి ధైర్యం చెప్పాడు.

ఆనాడు గన్నవరంలో దట్టమైన పొగమంచు కమ్మింది. పుష్య మాసంలో కృష్ణా తీరాన అది వింతేమీ కాదు. విమానం రెండున్నర గంటలు ఆలస్యంగా బయలుదేరి, 12.15కు ఢిల్లీలో దిగింది. సామాను బెల్టు మీదికి రావడానికి అరగంట పైగా పట్టింది. అది ఒకటో టెర్మినల్. అంతర్జాతీయ విమానాలు బయలుదేరేది మూడో టెర్మినల్ నుంచి. ఆ రెండింటి నడుమ కొన్ని కిలోమీటర్ల రోడ్డు. బస్సు పట్టుకుని, పెట్టెలు ఈడ్చుకుంటూ, వరుసలో నిలబడి కౌంటరు చేరుకునే సరికి 1.50 అయింది. విమానం వెళ్లిపోయి ఇరవై నిమిషాలైంది.

అతడు మొదటి సంస్థ కార్యాలయానికి ఫోను చేశాడు. "అయ్యా, మేము మిమ్మల్ని ఢిల్లీ చేర్చాము. మా బాధ్యత అంతటితో తీరింది" అన్నారు. రెండో సంస్థ ఉద్యోగిని అడిగాడు. "మా విమానం సమయానికే వెళ్లింది. మీరే రాలేదు" అన్నది ఆమె. ఇద్దరూ అబద్ధం చెప్పలేదు. ఇద్దరిలో ఎవరూ ఒప్పందాన్ని మీరలేదు. అయినా ఒక విద్యార్థి ఢిల్లీలో చేతిలో డబ్బు లేక నిలబడిపోయాడు. కొత్త టికెట్‌కు పాతదాని ధరకు దాదాపు రెట్టింపు అయింది. మేనమామ అప్పు తెచ్చి పంపాడు. రెండు రోజులు ఆలస్యంగా చేరేసరికి ఒక పరీక్ష జరిగిపోయింది.

ఆ కుర్రవాడు తరువాత నన్ను కలిసినప్పుడు, "మాస్టారూ, తప్పు ఎవరిది?" అని అడిగాడు. అప్పుడు నేను సరిగా సమాధానం చెప్పలేకపోయాను. ఆ ప్రశ్నను కొంత శ్రద్ధగా పరిశీలించిన మీదట తోచిన విషయాలే ఇవి.

విమాన టికెట్ అంటే కేవలం ఒక కుర్చీకి చెల్లించిన వెల అని మనం అనుకుంటాం. నిజానికి అది ఒక ఒప్పంద పత్రం. విజయవాడ నుంచి ఢిల్లీ మీదుగా ఫ్రాంక్‌ఫర్ట్‌కు ఒకే టికెట్ కొన్నప్పుడు, ఆ సంస్థ మనల్ని ఫ్రాంక్‌ఫర్ట్ చేరుస్తానని మాట ఇస్తున్నది. ఢిల్లీ అనేది ఆ దారిలో ఒక మజిలీ మాత్రమే. మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే, తరువాతి విమానంలో చోటు కల్పించే భారం సంస్థదే. అదే దూరానికి రెండు టికెట్లు కొన్నప్పుడు ఒప్పందాలు రెండవుతాయి. ఒకటి ఢిల్లీలో ముగుస్తుంది; మరొకటి ఢిల్లీలో మొదలవుతుంది. వాటి నడుమ ఉన్న నాలుగు గంటలు ఏ ఒప్పందంలోనూ లేవు. ఆ వ్యవధికి యజమాని ప్రయాణికుడే.

ఐరోపా న్యాయస్థానం 2018లో ఇచ్చిన ఒక తీర్పు ఈ భేదాన్ని బాగా తేటపరుస్తుంది. ఒక ప్రయాణికురాలు బెర్లిన్ నుంచి కాసాబ్లాంకా మీదుగా మొరాకోలోని అగాదిర్‌కు ఒకే బుకింగ్‌పై ప్రయాణించింది. కాసాబ్లాంకాలో రెండో విమానంలో ఆమెకు చోటు దొరకలేదు. వేరొక విమానంలో నాలుగు గంటలు ఆలస్యంగా గమ్యం చేరింది. రెండో విమానం ఐరోపా వెలుపల బయలుదేరింది గనుక తమకు పరిహార నియమాలు వర్తించవని విమాన సంస్థ వాదించింది. ఒకే బుకింగ్‌పై జరిగిన ప్రయాణాన్ని ఒకే మొత్తంగా చూడాలని న్యాయస్థానం చెప్పింది. ఆలస్యానికి, విమానాల రద్దుకు పరిహారం నిర్ణయించిన ఐరోపా సమాఖ్య నిబంధన 2004లో రూపొంది, 2005 ఫిబ్రవరి 17 నుంచి అమలులోకి వచ్చింది. విడి టికెట్లు కొన్నవారికి కూడా ఆ నిబంధన తోడుంటుంది. కాని ఒక్కొక్క విమానానికి విడివిడిగానే. తప్పిపోయిన రెండో విమానం సంగతి దానికి పట్టదు. మన దేశంలో పౌర విమానయాన డైరెక్టరేటు జారీ చేసిన నియమాల స్వభావం కూడా ఇంచుమించు ఇదే.

అయితే చౌకధరల సంస్థలు ఈ బాధ్యతను ఎందుకు తీసుకోవు? అది వారి కాఠిన్యమని కొందరు నిందిస్తారు. ఆ నింద న్యాయం కాదు. చౌకదనం పుట్టిన చోటే ఈ నిరాకరణ కూడా పుట్టింది.

అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో 1971 జూన్‌లో సౌత్‌వెస్ట్ అనే సంస్థ డాలస్, హ్యూస్టన్, శాన్ ఆంటోనియో నగరాల నడుమ విమానాలు నడపడం ప్రారంభించింది. విమానం నేలమీద నిలిచి ఉన్నంతసేపు ఖర్చే తప్ప ఆదాయం లేదు. గాలిలో ఉన్నప్పుడే అది సంపాదిస్తుంది. కనుక దిగిన విమానాన్ని సాధ్యమైనంత త్వరగా మళ్లీ ఎగరేయాలి. ఈ ఒక్క సూత్రం మీదనే ఆ సంస్థ నిలబడింది. ఐర్లండ్‌కు చెందిన రయన్‌ఎయిర్ 1990ల తొలినాళ్లలో ఇదే మార్గాన్ని అనుసరించింది. ఈజీజెట్ 1995 నవంబరులో లండన్ దగ్గరి లూటన్ నుంచి గ్లాస్గోకు తొలి విమానాన్ని నడిపింది. దిగిన విమానం అరగంటలోపు తిరిగి ఎగరాలనేది ఇలాంటి సంస్థల లక్ష్యం. అటువంటప్పుడు మరో విమానం నుంచి రావలసిన పదిమంది కోసం ఎదురుచూస్తూ నిలిస్తే ఏమవుతుంది? ఆ విమానం ఆరోజు చేయవలసిన తక్కిన ప్రయాణాలన్నీ వెనుకబడతాయి. ఒక విమానంలోని పెట్టెలను వెదకి మరో విమానంలోకి చేర్చాలంటే మనుషులు కావాలి, యంత్రాలు కావాలి. తప్పిపోయినవారికి బస, భోజనం, మరో టికెట్ ఇవ్వాలి. ఈ వ్యయమంతా పెద్ద సంస్థల టికెట్ ధరలో అంతర్లీనంగా ఉంటుంది. చౌక సంస్థ ఆ ఖర్చును తీసివేసి, దానితోపాటు ఆ బాధ్యతనూ తీసివేసింది. మనం తక్కువ ధర చెల్లించినప్పుడు, తెలిసినా తెలియకపోయినా, ఆ బాధ్యతను కొని తెచ్చుకుంటున్నాం.

మన దేశానికి ఈ పద్ధతిని తెచ్చినవాడు సైన్యంలో కెప్టెన్‌గా పనిచేసి వచ్చిన జి.ఆర్. గోపీనాథ్. ఆయన స్థాపించిన ఎయిర్ డెక్కన్ 2003 ఆగస్టులో సేవలు ప్రారంభించింది. ఆర్.కె. లక్ష్మణ్ సృష్టించిన 'సామాన్యుడు' ఆ సంస్థకు చిహ్నం కావడం ఎంతో సముచితంగా ఉండేది. విజయవాడ వంటి ఊళ్లకు చిన్న విమానాలు వచ్చాయి. 2005లో స్పైస్‌జెట్, 2006లో ఇండిగో రంగప్రవేశం చేశాయి. 2008 మార్చిలో హైదరాబాదు విమానాశ్రయం బేగంపేట నుంచి శంషాబాదుకు తరలింది. విమానం ఎక్కడం మన ఇళ్లలో పండుగ వార్తగా ఉండే రోజులు ఆ దశాబ్దంతోనే ముగిశాయి.

విడి టికెట్లతో ప్రయాణించేవారు మొట్టమొదట గ్రహించవలసింది కాలం లెక్క. మన విద్యార్థి చూసుకున్నది విమానం దిగే వేళకూ, ఎగిరే వేళకూ నడుమ ఉన్న 225 నిమిషాలు. కాని అతడు చేరవలసింది విమానాన్ని కాదు, కౌంటరును. సామాను తీసుకునే కౌంటరు బయలుదేరే వేళకు గంట ముందే మూతపడుతుంది. ఇది సంస్థను బట్టి, విమానాశ్రయాన్ని బట్టి మారుతుంది. ఇక్కడ గంట అనుకుందాం. మిగిలింది 165 నిమిషాలు. సామాను కోసం 35, టెర్మినల్ మారడానికి 40, ద్వారం దగ్గర తనిఖీకి, వరుసకు 20 నిమిషాలు తీసివేయాలి. అంతా సక్రమంగా జరిగినా చేతిలో మిగిలేది 70 నిమిషాలు. మొదటి విమానం 70 నిమిషాలకు మించి ఆలస్యమైతే చాలు, రెండోది దక్కదు. ఆనాటి ఆలస్యం 150 నిమిషాలు. మూడుముప్పావు గంటలు ఉన్నదనుకున్న నిబ్బరం వెనుక ఉన్న అసలు బలం గంటా పది నిమిషాలే. అంచనా వేసుకునేటప్పుడు దిగే వేళ నుంచి కౌంటరు మూసే వేళ వరకే లెక్కించాలి. చాలామంది ఇక్కడే పొరబడతారు. నేను కూడా ఒకసారి పొరబడ్డాను, కాని అది దేశీయ ప్రయాణం కాబట్టి రైలెక్కి బయటపడ్డాను.

రోజులో ఆఖరి విమానాన్ని రెండోదిగా ఎంచుకోవడం మరింత ప్రమాదకరం. అది తప్పితే రాత్రంతా అక్కడే. ఉదయపు విమానం తప్పితే సాయంత్రం మరొకటి ఉండవచ్చు. అలాగే, రోజంతా తిరిగిన విమానం సాయంత్రానికి పగటి ఆలస్యాలన్నింటినీ మూటగట్టుకుని వస్తుంది. అందుచేత మొదటి ప్రయాణానికి సాధారణంగా ఉదయపు విమానమే మేలు. శీతకాలంలో ఢిల్లీకి, గన్నవరానికి మాత్రం ఈ మాట వర్తించదు. అక్కడ పొగమంచు కమ్మేది తెల్లవారుజామునే.

సామాను విషయం మరొకటి. మన దేశంలోని చౌకధరల సంస్థలు దేశీయ ప్రయాణంలో సాధారణంగా 15 కిలోల సామానును ఉచితంగా అనుమతిస్తాయి. అంతర్జాతీయ టికెట్ మీద 23 కిలోల పెట్టె ఒకటో రెండో తీసుకుపోవచ్చు. 46 కిలోలు తూచి సర్దుకున్నవాడు గన్నవరం కౌంటరు దగ్గర 31 కిలోలకు అదనపు రుసుము కట్టవలసి వస్తుంది. తల్లులు కట్టి ఇచ్చే పచ్చళ్ల బరువు టికెట్‌లో మిగిల్చిన డబ్బును మింగివేయడం నేను చూశాను. పచ్చడిని చేతిసంచిలో పెట్టుకుందామంటే భద్రతా సిబ్బంది ఒప్పుకోరు.

టెర్మినళ్లు, విమానాశ్రయాల పేర్లు కూడా మోసపుచ్చుతాయి. ఫ్రాంక్‌ఫర్ట్-హాన్ అనే విమానాశ్రయం ఉంది. పేరు చూసి ఫ్రాంక్‌ఫర్ట్ అనుకుంటాం. అది ఒకప్పటి అమెరికా వైమానిక స్థావరం. ఫ్రాంక్‌ఫర్ట్ నగరానికి సుమారు 120 కిలోమీటర్ల దూరంలో ఉంది. లండన్ పేరుతో చెలామణి అయ్యే విమానాశ్రయాలు అయిదారు ఉన్నాయి. హీత్రోలో దిగి స్టాన్‌స్టెడ్‌లో మరో విమానం ఎక్కవలసినవాడు నగరానికి పడమటి కొస నుంచి ఈశాన్యంలో దూరంగా ఉన్న పల్లె ప్రాంతానికి రోడ్డు మీద పోవాలి. కౌలాలంపూర్‌లో 2014 వరకు చౌక విమానాల టెర్మినల్‌కూ, ప్రధాన టెర్మినల్‌కూ రోడ్డు మార్గాన సుమారు 20 కిలోమీటర్లు. మన ముంబయికి కూడా 2025 డిసెంబరు నుంచి రెండు విమానాశ్రయాలు. కొత్తది నవీ ముంబయిలో ఉంది. ఢిల్లీలో 2024 జూన్ 28న కురిసిన భారీ వర్షానికి ఒకటో టెర్మినల్ ముందరి పైకప్పు కూలి ఒకరు మరణించారు. ఆ టెర్మినల్ విమానాలను మిగిలిన రెండు టెర్మినళ్లకు మళ్లించారు. టికెట్ కొన్ననాడు చూసిన టెర్మినల్ ప్రయాణం నాడు కూడా అదే అని అనుకోవడానికి వీలు లేదు.

ఇన్నింటిలోనూ విదేశీ ప్రయాణికుడిని ఎక్కువగా దెబ్బతీసేది సరిహద్దు. ఒకే టికెట్ ఉన్నవాని పెట్టె నేరుగా గమ్యస్థానానికి పోతుంది. అతడు నడుమ దేశంలో విమానాశ్రయం లోపలే ఉండి మరో విమానం ఎక్కుతాడు. విడి టికెట్లు ఉన్నవాడు సాధారణంగా తన పెట్టె తానే తీసుకోవాలి. పెట్టె ఉండేది వలస తనిఖీకి ఆవల. అంటే ఆ దేశంలోకి చట్టబద్ధంగా ప్రవేశించాలి. లండన్‌లో అలా బయటికి రావలసిన భారతీయ పౌరునికి తగిన వీసా గాని, దాని నుంచి మినహాయింపు గాని ఉండి తీరాలి. మలేసియా 2023 డిసెంబరు 1 నుంచి భారతీయులకు 30 రోజుల వీసా మినహాయింపు ఇచ్చింది. అంతకు ముందు అక్కడ కూడా ఇదే చిక్కు. ఇలాంటి మినహాయింపులు గడువులతో వస్తాయి, మారుతుంటాయి. ప్రయాణం నాటికి ఏ నియమం ఉన్నదో ఆ దేశపు అధికారిక ప్రకటనలోనే చూసుకోవాలి. తగిన పత్రాలు లేనివారిని తీసుకువచ్చిన విమాన సంస్థలకు చాలా దేశాలు జరిమానా విధిస్తాయి. అందువల్ల ఈ చిక్కు నడుమ దేశంలో కాక, శంషాబాదులోనే ఎదురవుతుంది. కౌంటరు దగ్గర ఉద్యోగి పత్రాలు చూసి, విమానం ఎక్కనివ్వడు. అప్పుడు రెండు టికెట్లూ వృథా.

విదేశం నుంచి స్వదేశానికి వచ్చేటప్పుడు ఇంకొక సంగతి. ఒకే టికెట్ ఉన్నప్పటికీ, సాధారణంగా మన దేశంలో మొదట దిగిన విమానాశ్రయంలో సామాను తీసుకుని, కస్టమ్స్ దాటి, మళ్లీ అప్పగించవలసి ఉంటుంది. ఇది తెలియక ఢిల్లీలోనో ముంబయిలోనో పెట్టెలు వదలి, విజయవాడలో దిగి వెతుక్కున్నవారు ఉన్నారు.

సంస్థే మూతపడితే? ఇది ఊహ కాదు. లండన్, న్యూయార్క్‌ల మధ్య చౌకగా విమానాలు నడిపిన ఫ్రెడ్డీ లేకర్ సంస్థ 1977లో ఆ సేవ ప్రారంభించి, 1982 ఫిబ్రవరిలో దివాలా తీసింది. ఐస్‌లాండ్ మీదుగా ఐరోపాను, ఉత్తర అమెరికాను కలిపిన వావ్ ఎయిర్ 2019 మార్చి 28న ఆగిపోయింది. మన దేశంలో గో ఫస్ట్ విమానాలు 2023 మే 3 నుంచి నిలిచిపోయాయి. అలాంటప్పుడు ఒక టికెట్ డబ్బు మాత్రమే పోదు. దానికి ముడివేసిన మరో టికెట్ కూడా పనికిరాకుండా పోతుంది. రానుపోను టికెట్‌లో పోయే ప్రయాణం తప్పితే, చాలా సంస్థలు వచ్చే ప్రయాణాన్ని కూడా రద్దుచేస్తాయి. ఈ నియమం చదివి కొనేవారు అరుదు.

ఇంతా చదివిన తరువాత విడి టికెట్లు కొనడమే అవివేకమని తోచవచ్చు. నా అభిప్రాయం అది కాదు. ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒకే టికెట్ ధర రూ. 52,000, విడివిడిగా కొంటే మొత్తం రూ. 43,000 అనుకుందాం. మిగులు రూ. 9,000. రెండో విమానం తప్పితే కొత్త టికెట్‌కు రూ. 36,000 కావాలనుకుందాం. నాలుగు ప్రయాణాల్లో ఒకసారి తప్పినట్లయితే, నాలుగుసార్లు మిగిల్చిన రూ. 36,000 ఆ ఒక్కసారితో చెల్లు. అంటే నాలుగింట ఒకటి కంటే తక్కువగా తప్పేటట్లు ఏర్పాటు చేసుకోగలిగినవానికి విడి టికెట్లు లాభమే. పదింట ఒకటి అయితే స్పష్టమైన లాభం. కాని ఈ లెక్క ఏడాదికి పదిసార్లు తిరిగే వ్యాపారికి సరిపోయినంతగా, జీవితంలో మొదటిసారి వెళ్లే విద్యార్థికి సరిపోదు. వ్యాపారి ఒకసారి పోగొట్టుకుని తొమ్మిదిసార్లు రాబట్టుకుంటాడు. విద్యార్థికి ఉన్నది ఒకే ప్రయాణం. ఆ రోజున రూ. 36,000 చేతిలో లేకపోతే, సగటు లెక్క అతనికి అన్నం పెట్టదు. పైగా పరీక్షకు, ఉద్యోగంలో చేరవలసిన తేదీకి ఈ పట్టికలో వెల కట్టలేము. చేతిలో రెండో టికెట్‌కు డబ్బు ఉండి, ఒక రోజు ఆలస్యమైనా నష్టం లేనివాడు నిశ్చింతగా విడి టికెట్లు కొనవచ్చు. ఆ రెండూ లేనివాడు ఆ రూ. 9,000 చెల్లించి ఒకే టికెట్ కొనడమే మేలని నేను చెబుతాను.

ఈ భేదం మునుపటంత కఠినంగా కూడా లేదు. ఎయిర్‌ఏషియా తన విమానాల నడుమనే కౌలాలంపూర్‌లో మారేవారికి సామానుతో సహా అనుసంధానం కల్పించే పద్ధతి ప్రవేశపెట్టింది. ఇండిగో 2019లో ఖతార్ ఎయిర్‌వేస్‌తో ఒప్పందం చేసుకుని పెద్ద సంస్థల బాటలో నడిచింది. చెక్ దేశంలో 2012లో స్కైపికర్ పేరుతో మొదలై, తరువాత కివీ.కామ్‌గా మారిన సంస్థ విడి టికెట్లను తానే ముడివేసి, ముడి తెగితే మరో దారి చూపుతామనే హామీతో అమ్ముతున్నది. ఆ హామీకి కూడా వెల ఉంది, షరతులు ఉన్నాయి. ప్రయాణ బీమా సంగతి అంతే. విమానం తప్పితే చెల్లిస్తామనే వాక్యం పెద్ద అక్షరాలలో ఉంటుంది. రెండు విమానాల నడుమ కనీసం ఇన్ని గంటలు ఉండాలనే వాక్యం లోపల ఎక్కడో ఉంటుంది. రెండోదాన్ని ముందుగా చదవాలి.

అన్నింటికంటె చౌకైన బీమా ఒక రాత్రి బస. మన విద్యార్థి మరుసటి సంక్రాంతికి వచ్చినప్పుడు కూడా విడి టికెట్లే కొన్నాడు. తప్పు పద్ధతిలో లేదు, వ్యవధిలో ఉందని అతడు గ్రహించాడు. ఈసారి ఢిల్లీకి ఒక రోజు ముందే చేరాడు. బరువైన పెట్టె ఒకటి తగ్గించి, పుస్తకాలను ఇంటి దగ్గరే వదిలాడు. ఆంధ్రా భవన్‌లో గోంగూర పచ్చడితో భోజనం చేసి, ఆ రాత్రి పిన్ని గారింట నిద్రించాడు. మర్నాడు ఉదయం గన్నవరంలో ఎప్పటిలాగే పొగమంచు కమ్మింది; ఏడు గంటలకు లేవవలసిన విమానం పదింటికి గాని లేవలేదు. ఆ వేళకు అతడు మూడో టెర్మినల్‌లో పెట్టె అప్పగించి, తండ్రికి ఫోను చేసి, "నాన్నా, అక్కడ మంచు విడిందా?" అని అడుగుతున్నాడు.

ప్రశ్నలు

1. ఒకే టికెట్‌కూ, విడి టికెట్లకూ గల భేదాన్ని విద్యార్థి ఉదంతం ఆధారంగా వివరించండి.
2. చౌకధరల సంస్థలు అనుసంధాన బాధ్యతను ఎందుకు స్వీకరించవు?
3. సందర్భసహిత వ్యాఖ్య రాయండి: "ఆ వ్యవధికి యజమాని ప్రయాణికుడే."
4. ఒక విమానం ఉదయం 11.20కు దిగుతుంది, మరొకటి మధ్యాహ్నం 3.40కు బయలుదేరుతుంది. పాఠంలోని అంచనాల ప్రకారం మొదటి విమానం ఎన్ని నిమిషాల వరకు ఆలస్యమైనా రెండోది అందుకోవచ్చు?